మూడు చుక్కలు

లేడీస్ హాస్టల్, మూల గది
జనవరి 11

అత్తా,

నువ్వు పంపిన డ్రాయింగుల గొట్టం నిన్న మధ్యాహ్నం చేరింది. వార్డెనమ్మ దాన్ని అటూ ఇటూ ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇందులో ఏముంది?" అని అడిగింది. "మా మేనత్త" అన్నాను. నవ్వలేదు. సంతకం పెట్టించుకుని ఇచ్చేసింది.

పదకొండు షీట్లూ క్షేమం. నేల మీద పరిచాను. నడవడానికి చోటు లేక నా రూమ్మేట్ మంచం మీంచి మంచం మీదకి గెంతుతోంది. ఏం గీత అత్తా అది! అక్షరాలైతే అచ్చు వేసినట్టున్నాయి. "మా అక్క గీసిన కాగితంలో తప్పు దొరికితే నా చెవి కోసిస్తా" అని నాన్న అంటుంటే గొప్పలు పోతున్నాడనుకునేదాన్ని. ఒప్పేసుకుంటున్నా.

నా థీసిస్ గురించి నీకు సగమే చెప్పాను. కట్టి పాతికేళ్ళు దాటిన ఒక కాంక్రీటు భవనాన్ని తీసుకోవాలి. దాన్ని ఇప్పటి లెక్కల ప్రకారం మళ్ళీ మొదటినుంచి డిజైన్ చేయాలి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఎక్కడొస్తోందో చూపించాలి. అందరూ ఎవరెవరివో భవనాలు పట్టుకున్నారు. నేను ఈ ఊరి లైబ్రరీని పట్టుకున్నాను, అది నువ్వు ఉద్యోగంలో చేరాక గీసిన మొదటి భవనం కాబట్టి. గైడు సారుకి ఆ మాట గర్వంగా చెప్పాను కూడా.

ఇక అసలు సంగతి. ఇవాళ షీట్లు పట్టుకుని లైబ్రరీకి వెళ్ళాను. చదువుకునే హాలు కొలిచాను. గోడలు సరిపోయాయి, కిటికీలు సరిపోయాయి, మెట్లు సరిపోయాయి. కానీ హాలు మధ్యలో, సరిగ్గా పెద్ద బీమ్ కింద, ఒక పిల్లర్ ఉంది. నీ డ్రాయింగులో లేదు. పదకొండు షీట్లలో ఎక్కడా లేదు. నేనే తప్పు షీటు చూస్తున్నానేమోనని మూడుసార్లు తిప్పి చూశాను. షీటుని తలకిందులుగా కూడా పెట్టి చూశాను, నవ్వకు.

లైబ్రేరియన్‌ని అడిగితే, "నేను వచ్చేసరికే ఉంది. రోజుకొకరు గుద్దుకుంటారు" అన్నాడు. దానికి ఒక సన్న పరుపు కట్టి, పైన నోటీసులు అంటించారు.

అది ఎక్కణ్ణించి వచ్చింది అత్తా? పిల్లర్ ఏమన్నా పుట్టగొడుగా, వానకి మొలవడానికి? నీకు గుర్తుంటే ఒక్క ముక్క రాయి. మీ కొండల్లో ఫోను సిగ్నల్ ఎప్పటికొస్తుందో ఏమో!

నీ గడుగ్గాయి

*

సైట్ ఆఫీసు, రేకుల షెడ్డు
జనవరి 23

గడుగ్గాయీ,

ఉత్తరం జీపులో వచ్చింది. వారానికి రెండుసార్లే వస్తుంది జీపు. కాబట్టి ఆలస్యానికి నన్ను తిట్టకు.

ముందు షీట్ల సంగతి. వాటిని నేల మీద పరిచానని రాశావు. చదివి గుండె ఆగిపోయింది. ట్రేసింగ్ కాగితం మీద తడి చెయ్యి పడితే ఉబ్బుతుంది, మడత పడితే ఆ మడత చచ్చేదాకా పోదు. ఎక్కడికి బదిలీ అయినా బట్టల పెట్టె కంటే ముందు ఆ గొట్టం సర్దుకున్నదాన్ని. నీ రూమ్మేట్‌ని గెంతడం మానెయ్యమని చెప్పు. బల్ల మీద పరిచి, నాలుగు మూలలా పుస్తకాలు పెట్టుకో. పెన్సిలు ఆనించకు.

ఆ పిల్లర్ గురించి నాకు అంతగా గుర్తు లేదు. మా ఇంజనీరు గారు జాగ్రత్త కోసం తర్వాత పెట్టించి ఉంటారు. ఆయన అంతే, అతి జాగ్రత్త మనిషి. ఆయన పోయి కూడా ఎనిమిదేళ్ళయింది, అడగడానికి లేదు.

నా మాట విని వేరే భవనం తీసుకో. బస్టాండు పక్కన పాత ఆఫీసు ఉంది, దాని షీట్లూ ఇప్పించగలను. లెక్క తేలిగ్గా వస్తుంది. లైబ్రరీలో పై అంతస్తంతా పుస్తకాల ర్యాకులు, బరువు ఎక్కువ, నీ బుర్ర తినేస్తుంది.

సరిగ్గా తింటున్నావా? మీ నాన్న మోకాలు ఎలా ఉంది? వాడికి నా మీద బొత్తిగా పిచ్చి నమ్మకం. ఆ చెవి మాటలు నువ్వు కాలేజీలో చెప్పకు.

మీ అత్త

*

లేడీస్ హాస్టల్, మూల గది
ఫిబ్రవరి 14

అత్తా,

భవనం మార్చలేదు. మార్చమన్నావు గనకే మార్చలేదనుకుంటావేమో, అది కొంత నిజం.

నెలంతా ఆ ఒక్క బీమ్‌తోనే కాపురం. తొమ్మిది మీటర్ల పొడవు. బీమ్‌ని అడ్డంగా కోసినట్టు చూపే నీ సెక్షన్ బొమ్మలో అడుగున ఆరు కడ్డీలున్నాయి, మూడు కింది వరసలో, మూడు దాని పైన. ఆరు నల్ల చుక్కలు, పక్కన నీ చక్కటి ఆరు అంకె. పై అంతస్తు పుస్తకాల బరువంతా వేసి లెక్క చేశాను. ఆ ఆరు కడ్డీలతో బీమ్ హాయిగా నిలబడుతుంది, మధ్యలో పిల్లర్ అక్కర్లేదు. మళ్ళీ చేశాను. అక్కర్లేదు. సారు తన పద్ధతిలో చేశారు. అక్కర్లేదు.

పోనీ అదనపు భద్రత అనుకుందామంటే, పై అంతస్తులో సరిగ్గా ఆ పిల్లర్ మీద నేలలో సన్నని పగులుంది. మధ్యలో ఊతం పెడితే బీమ్ అక్కడ పైకి వంగడానికి చూస్తుంది కదా, అక్కడ పైన కడ్డీలు తక్కువ, అందుకని పగిలిందట. అంటే ఆ బీమ్‌ని గీసినప్పుడు పిల్లర్ ఆలోచనే లేదు. అంత అతి జాగ్రత్త మనిషి ఇలా ఎందుకు చేస్తారు? అక్కర్లేని చోట పిల్లర్ పెట్టి, ఉన్న బీమ్‌ని పగలగొట్టుకుంటారా? నాకేమీ అర్థం కావడం లేదు. మెస్‌లో చెంచాని రెండు గ్లాసుల మీద పెట్టి మధ్యలో వేలు ఆనించి చూస్తున్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు బల్ల మారిపోతున్నారు.

ఇంకో సంగతి. లైబ్రేరియన్ నా లెక్క మాట విని ఎగిరి గంతేశాడు. పిల్లర్ తీసేస్తే హాల్లో ఇంకో పన్నెండు కుర్చీలు పడతాయట. సారు కూడా, "లెక్క వద్దంటోందిగా, లైబ్రరీ కమిటీకి రాద్దాం" అంటున్నారు. నీ బీమ్ పుణ్యమా అని నా థీసిస్ వల్ల ఒక మంచి పని జరగబోతోంది. సంతోషించు.

నీ గడుగ్గాయి

*

సైట్ ఆఫీసు, రేకుల షెడ్డు
ఫిబ్రవరి 19

అమ్మలూ,

ఈ ఉత్తరం జీపు డ్రైవరు చేత నేరుగా మీ హాస్టల్‌లోనే ఇప్పిస్తున్నాను. చదవగానే మీ సారు దగ్గరికి వెళ్ళు. ఆ పిల్లర్ మీద చెయ్యి వేయొద్దని చెప్పు. ఎవరేం రాసినా సరే, వేయొద్దు.

కారణం అడుగుతావు. చెప్తాను. మొన్న గుర్తు లేదన్నాను. గుర్తుంది. ఒకరి తప్పు తవ్వి పోయడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ బీమ్‌లో ఆరు కడ్డీలు లేవు. మూడే ఉన్నాయి. కడ్డీలు కట్టిన మేస్త్రి లెక్క తప్పాడు. శ్లాబ్ పోశాక, మూడు వారాలకి కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు విప్పితే బీమ్ మధ్యలో బొటనవేలంత కిందికి దిగింది. మళ్ళీ గుంజలు బిగించి, ఇంజనీరు గారు పరుగున వచ్చి, కింద పునాది తవ్వించి పిల్లర్ లేపారు. పిల్లర్ ఉన్నంతకాలం ఆ మూడు కడ్డీలు చాలు. పిల్లర్ తీస్తే చాలవు. మేస్త్రిని పనిలోంచి తీసేశారు. పిల్లర్‌ని డ్రాయింగులో చేర్చడం అలా ఉండిపోయింది.

ఇంతే సంగతి. నీ లెక్క తప్పు కాదు. ఇక ఆ బీమ్ వదిలేసి మెట్ల లెక్క చేసుకో.

మీ అత్త

*

లేడీస్ హాస్టల్, మూల గది
మార్చి 12

అత్తా,

నీ ఉత్తరం చేరిన రోజే సారు కమిటీ కాగితం ఆపేశారు. పిల్లర్ బతికింది. లైబ్రేరియన్ నాతో మాట్లాడడం మానేశాడు.

అయితే సారు ఒకరు చెప్పిన మాట థీసిస్‌లో రాయనివ్వరు. "రుజువు చెయ్యి" అన్నారు. కాలేజీలో కడ్డీలు పసిగట్టే మిషను ఉంది, కాంక్రీటు మీద జరుపుకుంటూ పోతే కడ్డీ ఉన్నచోట కూస్తుంది. నిచ్చెన ఎక్కి బీమ్ అడుగున జరిపాను. మూడుసార్లే కూసింది. మెడ పట్టేసింది కానీ సంబరపడ్డాను. సారు, "నీ సంబరం ఆపు" అన్నారు. పైనున్న రెండో వరసని కింది వరస కప్పేస్తుందట, మిషనుకి కనబడదట. ఆరున్నా మూడే కూస్తుందట! నాకు ఏడుపొచ్చింది. బీమ్‌ని కోసి చూడనివ్వరు. ఇక మిగిలింది ఆ మేస్త్రి.

లైబ్రరీ వాచ్‌మన్‌కి ఆయన ఇల్లు తెలుసు. సన్నటి వీధి చివర, మేడ కింద రెండు గదులు. మేస్త్రికి డెబ్బై ఆరు. కోడలు టీ తెచ్చింది. ఆయన పళ్ళెంలో గ్లాసులు లెక్కపెట్టాడు. మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. అప్పుడుగానీ నాకొకటి ఇవ్వలేదు. చెప్పులు విప్పిన చోట చెప్పులు లెక్కపెట్టాడు. మనవరాలి గౌను గుండీలు లెక్కపెట్టాడు. వాళ్ళావిడ తలుపు దగ్గర నిలబడి, "ఆయనకది అలవాటమ్మా, లైబ్రరీ పని పోయినప్పట్నించీ" అంది. ఆ తర్వాత ఎవరూ కడ్డీల పని ఇవ్వలేదట. ఇసక మోశాడట.

మెల్లగా అడిగాను, బీమ్‌లో ఎన్ని కట్టారు అని. "మూడు" అన్నాడు, ఠక్కున. "డ్రాయింగులో మూడే చూశానమ్మా. చూశాననే అనుకున్నాను. ఇంజనీరు గారు తెచ్చి చూపిస్తే ఆరున్నాయి." నా దగ్గర నీ షీటుంది. చూపించాను. అత్తా, చూపించకుండా ఉండాల్సింది. ఆయన వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. "ఆరే" అన్నాడు. "కాగితం అబద్ధం చెప్పదు కదమ్మా. నా కళ్ళే ఏదో చేశాయి" అన్నాడు. ఇంక టీ ముట్టుకోలేదు.

అక్కణ్ణించీ నా బుర్ర బుర్రలో లేదు. చెప్పుల్ని రెండుసార్లు లెక్కపెట్టే మనిషి కడ్డీల్ని ఎలా తప్పుతాడు? ఆ అలవాటు తర్వాత వచ్చిందని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కానీ మూడు కట్టడం అంటే ఒకటి మర్చిపోవడం కాదు కదా, ఒక వరసకి వరసే వదిలెయ్యడం. చేయి తిరిగిన మేస్త్రి అలా వదిలేస్తాడా? ఇంకోవైపు నీ షీటు. నీ షీటు మీద నాకు అనుమానం రాదు. రెండింటి మధ్యా నలుగుతున్నాను.

సారుకి మాత్రం ఏ అయోమయమూ లేదు. 'పనివాళ్ళ తప్పిదాలు' అని ఒక అధ్యాయమే రాయమన్నారు. ఏప్రిల్ ఇరవై రెండున మా డిపార్టుమెంటులో సెమినార్, బిల్డర్లు కూడా వస్తారు. మేస్త్రిని తీసుకొచ్చి స్టేజీ మీద నిలబెట్టి, తప్పు ఎలా జరిగిందో ఆయన నోటితోనే చెప్పిస్తే పిల్లలకి గుర్తుండిపోతుందన్నారు. నాకు మనసొప్పలేదు. కానీ అడిగితే మేస్త్రి వస్తానన్నాడు. "ఇంకొకరు నాలా చేయకుండా ఉంటారంటే చెప్తానమ్మా" అన్నాడు. చొక్కా ఉతికించుకుంటున్నాడట.

ఇది సరైన పనేనా అత్తా? ఒక్క ముక్క రాయి.

నీ గడుగ్గాయి

*

సైట్ ఆఫీసు, రేకుల షెడ్డు
మార్చి 27

అమ్మలూ,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. జీపు మూడుసార్లు వచ్చి వెళ్ళింది. మూడుసార్లూ కవరు చేతిలో పట్టుకుని నిలబడి, ఇవ్వకుండా లోపలికొచ్చేశాను. ఇది నాలుగో ఉత్తరం. ఇది ఇచ్చేస్తాను.

మేస్త్రి సరిగ్గానే చూశాడు. డ్రాయింగులో మూడే ఉన్నాయి.

అప్పుడు నేను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. డ్రాయింగు హాల్లో పదకొండు బల్లలు, పది మంది మగవాళ్ళు, నేను. నేను ఎన్నాళ్ళుంటానో అని వాళ్ళలో వాళ్ళు పందేలు కాసుకునేవారు. ఒక్క గీత వంకర పోకూడదని పళ్ళ బిగువున పని చేసేదాన్ని. మాకొక పద్ధతి ఉండేది. ఒకేలాంటి బీమ్‌లని ప్రతిసారీ కొత్తగా గీయం. పాత షీటు కింద పెట్టి, పైన కొత్త కాగితం పరిచి, చూస్తూ దించేస్తాం. చిన్న గది బీమ్ షీటు కింద పెట్టి, దాన్నే హాలు బీమ్‌గా దించేశాను. పొడవు మార్చాను. కడ్డీలు మార్చడం మర్చిపోయాను. ఇంజనీరు గారి లెక్క పుస్తకంలో ఆరు, నా షీటులో మూడు. నా షీట్లు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయని ఆయన సరిచూడకుండానే సంతకం పెట్టారు.

బీమ్ దిగిందని సైటు నుంచి ఫోనొచ్చింది. "ఆ షీటు తీసి ఉంచు, వస్తున్నాను" అన్నారాయన. గంట టైముంది. షీటు తీశాను. చూడగానే నా తప్పు తెలిసింది. బ్లేడుతో మూడు అంకె గీకేశాను. గోటితో ఆ చోటు నున్నగా రుద్ది ఆరు రాశాను. కింది వరస మీద మూడు చుక్కలు పెట్టాను. పట్టుమని ఐదు నిమిషాలు పట్టలేదు. సైటులో ఉండే కాపీ సిమెంటు పట్టి చిరిగిపోయి ఉంటుంది ఎప్పుడూ, కొత్తది తెస్తే ఎందుకని ఎవరూ అడగరు. కొత్త కాపీ నేనే తీసి, నేనే పట్టుకెళ్ళి, పాతది తెచ్చి చించేశాను.

ఇంజనీరు గారు మేస్త్రికి ఆ కొత్త కాపీ చూపించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అతను కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. నన్ను అనుమానించి కాదు. నేను చదువుకున్నదాన్ని కదా, ఏమైనా చెప్తానేమోనని చూశాడు. నేను తల దించుకున్నాను. పిల్లర్‌ని షీటులో చేర్చమని ఇంజనీరు గారు రెండుసార్లు చెప్పారు. ఆ షీటు మళ్ళీ బల్ల మీద పరవడానికి నాకు చేతులు రాలేదు.

మూడు కడ్డీలు పొరపాటు. మూడు చుక్కలు పొరపాటు కాదు. అది నాకు తెలిసే చేశాను.

ఇంకా సిగ్గుమాలిన పని ఫిబ్రవరిలో చేశాను. నిజం చెప్పకుండా పిల్లర్ ఎలా కాపాడాలా అని చూసి, మళ్ళీ అతని మీదకే తోశాను. అతను బతికి ఉన్నాడో లేడో కూడా కనుక్కోలేదు. లేడులే అనుకున్నాను. లేకపోతే బాగుండుననే అనుకున్నానేమో. నువ్వు టీ గ్లాసుల సంగతి రాసేదాకా, అతనికి పని మాత్రమే పోయిందనుకున్నాను.

ఈ ఉత్తరం మీ సారుకి చూపించు. మీ నాన్నకి కూడా చెప్పు. నన్ను ఏమైనా అను.

అత్త

*

లేడీస్ హాస్టల్, మూల గది
ఏప్రిల్ 4

అత్తా,

ఏమనాలో తెలియడం లేదు. నాలుగు రోజులుగా నీతో మనసులో పోట్లాడుతున్నాను, సగంలో ఏడుస్తున్నాను, మళ్ళీ నువ్వు ఆ పదకొండో బల్ల దగ్గర ఎలా కూర్చున్నావో ఊహించుకుని జాలి పడుతున్నాను. ఆ జాలి నాకే నచ్చడం లేదు. వెంటనే ఆయన వేలు చుక్కల మీద కదలడం గుర్తొస్తోంది. ఆయన చేత ఆ చుక్కలు లెక్కపెట్టించింది నేను. నీ కాగితం నా చేత్తో చూపించాను. ఆ కోపం నీ మీదో నా మీదో తేల్చుకోలేకపోతున్నాను.

షీటుని కిటికీ అద్దానికి ఆనించి చూశాను. ఆరు అంకె కింద కాగితం పలచగా, మసకగా ఉంది. వేలికి గరుగ్గా తగులుతోంది. మూడు నెలలు దాని మీదే పడుకున్నంత పని చేసి, ఒక్కసారి కూడా ముట్టుకుని చూడలేదు.

సారు ఉత్తరం రెండుసార్లు చదివారు. "అధ్యాయం పేరు మార్చు" అన్నారు, అంతే. తర్వాత తన గదిలో తన పాత షీట్లు కట్టగట్టినవి దించి చూసుకుంటూ కనిపించారు. నాన్నకి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "అన్నం తిన్నావా" అని అడిగి పెట్టేశాడు.

మేస్త్రికి నేను చెప్పలేదు. చెప్పను. ఆయన ఇంకా చొక్కా ఉతికించుకుని, ఏం మాట్లాడాలో మనవరాలి దగ్గర వల్లె వేస్తున్నాడు. సెమినార్ ఇరవై రెండున. ఆయన ఇంటి చిరునామా వెనక రాశాను. నేను రాను. నువ్వొక్కదానివే వెళ్ళు.

ఉంటాను,
గడుగ్గాయి

*

లైబ్రరీ, చదువుకునే హాలు
ఏప్రిల్ 16

అమ్మలూ,

ఇదే ఊళ్ళో ఉండి ఉత్తరం రాస్తున్నాను. నువ్వు నన్ను చూడాలనుకుంటావో లేదో తెలియక, ఎదురుగా వచ్చి నిలబడలేదు. లైబ్రేరియన్ కాగితాలిచ్చాడు.

నిన్న పొద్దున వెళ్ళాను. మేస్త్రి నన్ను గుర్తుపట్టాడు. "డ్రాయింగమ్మా!" అని లేచి నిలబడ్డాడు, కుర్చీ తుడిచి ఇచ్చాడు. ఆ మర్యాద తట్టుకోవడం కష్టమైంది. నేను కూర్చోలేదు. బస్సులో నాలుగు గంటలు వల్లె వేసుకున్నవన్నీ పోయాయి. "మీరు సరిగ్గానే చూశారు. మూడే ఉండేవి. మీరు కట్టాక నేను ఇంకో మూడు పెట్టాను" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "బీమ్‌లోనా?" అన్నాడు. "కాదు, కాగితంలో" అన్నాను. షీటు ఎలా గీకానో, కాపీ ఎలా మార్చానో అన్నీ చెప్పాను. ఆయన నా మొహం చూడడం లేదు, తన చేతివేళ్ళు చూసుకుంటున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అయితే నేను తప్పు లెక్కపెట్టలేదు" అన్నాడు.

"లేదు."

"ఇంకోసారి చెప్పండమ్మా."

చెప్పాను. ఆయన లోపలికి కేకేసి వాళ్ళావిడని పిలిచాడు. "ఈమెకి చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. కోడల్ని పిలిచాడు. ఆ అమ్మాయికి చెప్పాను. నేను పొడిపొడిగా చెప్తుంటే, "అంకె గీకిన సంగతి చెప్పలేదు" అని గుర్తు చేశాడు. ఒక్క ముక్క వదలనివ్వలేదు. నాలుగోసారికి నా గొంతు పోయింది. వాళ్ళావిడ నీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు ఇస్తూ ఒక్క మాటంది, "నేను కూడా ఈయన్ని నమ్మలేదమ్మా" అని. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

సెమినార్‌కి ఆయన వస్తున్నాడు. స్టేజీ ఎక్కడు. ముందు వరసలో కూర్చుంటానన్నాడు. ఎక్కేది నేను. మీ సారుని కలిసి చెప్పాను.

క్షమించమని నేను అడగలేదు. ఆయన ఇవ్వలేదు. వెళ్ళొస్తానంటే గుమ్మం దాకా వచ్చి, "మా పెద్దోడు ఆదివారం వస్తాడు. నాతో కడ్డీల పని నేర్చుకుంటూ ఉండేవాడు అప్పట్లో. లెక్క రాని నాన్న దగ్గర ఏం నేర్చుకోవాలని మానేశాడు" అన్నాడు. నేను చెప్పులు వేసుకుంటుంటే, "వాడికి కూడా మీరే చెప్పాలి" అన్నాడు.

ఆదివారం దాకా ఉంటున్నాను.

అత్త